వెయ్యి రూపాయలు, ఏడు పాయలు, ఇద్దరం

ఇన్‌స్టాలో 'ఐలాండ్' అని కొట్టి చూడండి. నీలం నీళ్లు, తెల్ల ఇసుక, కొబ్బరి చెట్టుకు కట్టిన ఊయల, దాంట్లో పూల చొక్కా వేసుకున్న జంట. నాలుగు రీల్స్ చూసేసరికి ఐదోది టూర్ ప్యాకేజీ ప్రకటన. ఇద్దరికి కలిపి ఎంతవుతుందో చూసి ఫోన్ బోర్లా పెట్టేస్తాం. నారాయణఖేడ్ లాంటి చోట ఉండేవాళ్లకు దీవి సంగతి అటుంచండి, సముద్రం చూడాలన్నా ఒక రాత్రంతా ప్రయాణమే.

కానీ చిన్నప్పటి సోషల్ పుస్తకం గుర్తు తెచ్చుకోండి. చుట్టూ నీళ్లుండి మధ్యలో ఉన్న నేలను దీవి అంటారనే చదువుకున్నాం. ఆ నీళ్లు ఉప్పగానే ఉండాలని ఎక్కడా రాయలేదు. అస్సాంలో బ్రహ్మపుత్ర నడుమ మాజులి ఉంది. కావేరికీ కొల్లిడానికీ మధ్య శ్రీరంగం ఉంది. విజయవాడ వాళ్లకు కృష్ణలో భవానీ ద్వీపం, సాగర్ వెళ్లేవాళ్లకు జలాశయం మధ్యలో నాగార్జునకొండ. మాకు మంజీర ఏడుగా చీలిన చోట ఏడుపాయల ఉంది. కొబ్బరి చెట్లుండవు, కొబ్బరికాయలు మాత్రం కొన్ని వేలు పగులుతుంటాయి. ఇసుక తక్కువ, బండలు ఎక్కువ. మా ఊరి నుంచి బండి మీద 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

వెళ్లే ముందు ఇంకో పని చేయండి. గూగుల్ మ్యాప్స్ తెరిచి నారాయణఖేడ్ వెతికి, కొంచెం జూమ్ అవుట్ చేయండి. ఒక నీలం గీత కనిపిస్తుంది. అదే మంజీర. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటకలో బీదర్ మీదుగా మా పడమటి దిక్కున తెలంగాణలోకి వస్తుంది. మాకు దక్షిణాన సింగూరు దగ్గర ఆగుతుంది. సంగారెడ్డి వైపు పోయి, అక్కడ ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగి ఉత్తరానికి నడుస్తుంది. మెదక్ జిల్లాలో ఏడుపాయల, ఆ తర్వాత నిజాంసాగర్, చివరికి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్ల ప్రయాణం. పడమర, దక్షిణం, తూర్పు, మూడు దిక్కులా అదే నది. మధ్యలో మేం. చుట్టూ తిరిగిపోతుంది గానీ మా చేనులోకి రాదు.

2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌లోనే సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు శంకుస్థాపన జరిగింది. సింగూరు నీళ్లను ఎత్తి మూడున్నర లక్షలకు పైగా ఎకరాలు తడపాలన్నది లెక్క. ఆ నీళ్ల కోసం చూస్తూ చూస్తూనే ఎవరి బోరు వాళ్లు వేసుకుంటున్నారు. మేం కూడా వేశాం.

అక్కడి నుంచే ఈ ప్రయాణం మొదలైంది కాబట్టి ఆ సంగతి కాస్త చెప్పాలి.

అండమాన్ డబ్బా

మాకు పెళ్లయి ఏడాదిన్నర. మేనరికం. మా ఆయన నాకు వరసకు బావ, ఇప్పటికీ అలాగే పిలుస్తాను. అత్త అంటే మా నాన్న చెల్లెలే. బావ మోటార్ రివైండింగ్ షాపులో పనిచేస్తాడు. నేను ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెబుతాను. పెళ్లయిన నెలే ఒక హార్లిక్స్ డబ్బా మీద స్కెచ్ పెన్నుతో 'అండమాన్' అని రాసి అల్మారాలో పెట్టాం. నెలకు నేనో వెయ్యి, తనో పదిహేను వందలు. ఎక్కువ గిరాకీ ఉన్న నెల ఇంకొంచెం. హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానం ఉంది. పేరు ఇప్పుడు శ్రీ విజయపురం అని మారింది, టికెట్ ధర మాత్రం మారలేదని బావ జోకు.

పోయిన వేసవికి డబ్బాలో 38,000 అయ్యాయి. ఆ వేసవిలోనే మామ చేనులో బోరు వేయించాడు. చెరుకు పెట్టాలని ఆయన ఆశ. డబ్బా డబ్బులు దాంట్లోకి పోయాయి, పైన కొంత అప్పు కూడా. 420 ఫీట్లు దింపారు. తెల్లటి దుమ్ము లేచింది. ఆ దుమ్ము నా చీర మీద, బావ కనురెప్పల మీద పడింది. అండమాన్ అలా అయిపోయింది.

ఇప్పుడు రెండో బోరు మాట నడుస్తోంది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే ఒకాయన వచ్చి, తూర్పుకు ముప్పై అడుగులు జరిగి ఉంటే పడేవి అన్నాడట. డబ్బులు ఎక్కడివి? ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. అన్నం వడ్డిస్తుంటే నా చేతుల వైపు చూస్తారు. గాజులు రెండు, రెండున్నర తులాలు. మా అమ్మ పెట్టినవి.

సంక్రాంతి సెలవుల్లో, పండగకు ముందు ఒక రాత్రి బావ అన్నాడు, "దీవికి పోదామా?"

"గెలికినవ్ తీ. డబ్బాల ఏముందని?"

"వెయ్యి రూపాయలల్ల అయ్యే దీవి. పొద్దుగాల పోయి మాపటికొద్దాం."

కవర్లో వెయ్యి

ఖర్చు దాటకుండా ఉండాలంటే ఒక చిట్కా చెబుతాను. యూపీఐ వాడకండి. స్కాన్ చేస్తే పోయిన పైసలు కంటికి కనిపించవు. మేం వంద నోట్లు, చిల్లర కలిపి వెయ్యి ఒక పెళ్లి శుభలేఖ కవర్లో పెట్టుకున్నాం. ఫోన్ మ్యాపుకు, ఫొటోలకు మాత్రమే.

బండి లేనివాళ్లు మెదక్ దాకా బస్సులో వెళ్లి అక్కడి నుంచి ఏడుపాయలకు పోవచ్చు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కదా, జంటలో ఒకరి టికెట్టే లెక్క. మేం బండి ఎందుకు తీశామంటే, నచ్చిన చోట ఆగాలని. 300 రూపాయల పెట్రోలు రానుపోను సరిపోయింది, ఇంకా మిగిలింది.

పొద్దున ఆరింటికి బయల్దేరాం. సద్ది నేనే కట్టాను: జొన్న రొట్టెలు, పుంటికూర తొక్కు, పల్లీల పొడి, చిన్న డబ్బాలో పెరుగు. జనవరి చలి మా వైపు మామూలుగా ఉండదు. బావ స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని గుమ్మడికాయలా ఉన్నాడు. రోడ్డుకు రెండు పక్కలా ఏరేసిన పత్తి కట్టె, కోసిన కంది కుప్పలు, అక్కడక్కడ శనగ చేను. అంతా ఎండిన రంగే. పెద్దశంకరంపేటలో ఇడ్లీ, చాయ్, ఇద్దరికి 80. అక్కడి నుంచి హైవే మీద కొంత దూరం, తర్వాత బొడ్మట్‌పల్లి దగ్గర మెదక్ రోడ్డు ఎక్కాం.

పాపన్నపేట మండలంలోకి వచ్చాక బావ బండి ఆపాడు. ఏమైంది అంటే మాట్లాడలేదు. చెయ్యి చాపి చూపించాడు. కను చూపు మేర మడులు. మోకాలి లోతు బురదలో ఆడవాళ్లు వంగి యాసంగి నాట్లు వేస్తున్నారు. కాలువ పక్కన కొంగలు. అర గంట కింద చూసిన నేలకూ దీనికీ మధ్య ఏ కొండా లేదు, ఏ గోడా లేదు. నీళ్లు వచ్చాయి, అంతే తేడా.

ఏడు లెక్క తేలదు

ఏడుపాయల మెదక్ జిల్లా నాగ్సాన్‌పల్లి దగ్గర ఉంటుంది. మంజీర ఇక్కడ బండల మధ్య పాయలు పాయలుగా చీలి, కొంత దూరం పోయాక మళ్లీ ఒకటవుతుంది. ఆ పాయల నడుమ గుట్టలు, పొదలు, ఏనుగులు పడుకున్నట్టుండే నల్లటి బండలు. వాటి మధ్య ఒక రాతి గుహలో వనదుర్గ అమ్మవారు. జనమేజయుడు సర్పయాగం చేసింది ఇక్కడేనని, ఆ కథలో గరుత్మంతుడు ఉన్నాడు కాబట్టి ఈ నీళ్లకు గరుడగంగ అని పేరు వచ్చిందని చెబుతారు. ఏడు పాయలకు ఏడుగురు రుషుల పేర్లు: జమదగ్ని, అత్రి, కశ్యప, విశ్వామిత్ర, వశిష్ఠ, భరద్వాజ, గౌతమ.

ఆదివారం వస్తే మీకు దీవి కనిపించదు, జనమే కనిపిస్తారు. చెట్టుకో పొయ్యి, పొయ్యికో కోడి. దానికదే ఒక సంబరం, తప్పు పట్టను. మాకు కావాల్సింది వేరే కాబట్టి వారం మధ్యలో వెళ్లాం. దర్శనం పావు గంటలో అయిపోయింది. కొబ్బరికాయ, పూలు, పసుపు కుంకుమ 60, బండి పెట్టినందుకు 20, ప్రసాదాలు 40.

గుడి ముందు నిలబడి ఒక సంగతి ఊహించుకోండి. వానాకాలం సింగూరు గేట్లు ఎత్తితే ఇప్పుడు మనం నిలబడ్డ చోట నీళ్లు ఉరుకుతుంటాయి. గర్భగుడిలోకి కూడా వస్తాయి. అప్పుడు గుడి మూసేసి, ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురంలో పెట్టి అక్కడే పూజలు చేస్తారు. ఒక్కోసారి రోజుల తరబడి. దేవత కూడా నీళ్లకు దారి ఇచ్చి పక్కకు జరిగే చోటు ఇది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వచ్చేవాళ్లు ముందు వార్తల్లో సింగూరు గేట్ల సంగతి చూసుకుని బయల్దేరండి.

గుడి దాటి బండల్లోకి దిగాం. దారి అని ఏమీ లేదు. ఒక బండ మీద నుంచి ఇంకో బండ మీదకు, మధ్యలో పొదలను తప్పించుకుంటూ. కొన్ని చోట్ల కూర్చుని జారాల్సిందే. చీర కట్టుకుని రాకుండా మంచి పని చేశానని మూడు సార్లు అనుకున్నాను. బండల సందుల్లో నీళ్లు నిలిచి చిన్న చిన్న గుంటలు, వాటిలో వేలెడంత చేపపిల్లలు. ఒక లకుముకి పిట్ట మా కన్నా ముందు ఎగురుతూ, కూర్చుంటూ, దారి చూపిస్తున్నట్టే చేసింది. అది మమ్మల్ని చూసి పారిపోతోందని బావ అన్నాడు. నేను నమ్మలేదు.

పాయలు లెక్క పెడదామనుకున్నాం. నాకు ఐదు వచ్చాయి, బావకు నాలుగు. నేను లెక్కపెట్టిన ఒకటి పాయ కాదు, గుంట అని ఆయన వాదన. అది పారుతోందని నా వాదన. ఆకు వేసి చూశాం. ఆకు కదిలింది, కానీ గాలికి కదిలిందని అన్నాడు. రేగుపండ్లు అమ్ముకునే ఒక పెద్దమ్మ మా గోల చూసి నవ్వింది.

"ఎండకాలమొస్తే మూడే కనబడ్తయి బిడ్డా. వాన కొడితే ఒక్కటే. ఏడు ఎవలకు దొరుకుతయి?"

ఇరవై రూపాయల రేగుపండ్లు కొన్నాం. కొంగు నిండా పోసింది.

ఇక్కడొక మాట, దయచేసి సీరియస్‌గా తీసుకోండి. నీళ్లు మోకాలి లోతే కనిపిస్తాయి, కానీ బండ మీద పాకురు ఉంటుంది. కాలు పెట్టగానే సబ్బు మీద పెట్టినట్టే. ఒక బండ పక్కన చీలమండ లోతు, రెండు అడుగుల అవతల మనిషి మునిగే మడుగు. స్నానానికి, సెల్ఫీకి దిగి కొట్టుకుపోయిన వాళ్ల వార్తలు చాలాసార్లు చదివాం. పై నుంచి నీళ్లు వదిలితే పాయ దాటి వెళ్లినవాళ్లు అవతలే చిక్కుకుంటారు. మంజీరలో మొసళ్లు కూడా ఉన్నాయి. సంగారెడ్డి దగ్గరి అభయారణ్యం వాటికే పేరు. మేం ఒకే ఒక్క పాయ దాటాం. అది కూడా అక్కడ బట్టలు ఉతుకుతున్న వాళ్లను అడిగి, వాళ్లు చూపించిన చోట, చెప్పులు చేత పట్టుకుని. బావ ముందు కర్రతో పొడిచి చూసి కాలు వేయడం, నేను తన స్వెట్టర్ పట్టుకుని వెనక నడవడం. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే అవతలికి చేరేసరికి కాళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు.

అవతల ఒక పెద్ద బండ. మూడు పక్కలా నీళ్లు, నాలుగో పక్క పొదలు. మనుషుల్లేరు. అదీ మా దీవి.

సద్ది విప్పాం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే లోపే కోతి వచ్చింది. ఒకటి కాదు, కుటుంబం. పెద్దది వచ్చి ఎదురుగా కూర్చుని, పిలిచిన చుట్టంలా చూస్తోంది. ఒక రొట్టె దూరంగా విసిరి, అవి దాని మీద పడేలోపు మిగతావి గబగబా తిన్నాం. పుంటికూర తొక్కు మాత్రం వాటికి నచ్చలేదు.

నీళ్ల హోరు

తిన్నాక గుడికి ఎగువన ఉన్న ఆనకట్ట చూడటానికి వెళ్లాం. ఘనపూర్ ఆనకట్ట అంటారు, ఇప్పుడు వనదుర్గ ప్రాజెక్టు అని కూడా. 1905లో కట్టారు, అంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో. ఎత్తైన గేట్లు, గుండె అదిరే సైజు ఏమీ లేదు. నదికి అడ్డంగా ఒక గోడ. దానికి రెండు వైపులా రెండు కాలువలు, మహబూబ్ నహర్, ఫతే నహర్. వాటి కింద 20 వేల ఎకరాలకు పైగా ఆయకట్టు. పొద్దున మేం ఆగి చూసిన నాట్లు ఆ నీళ్లవే. పైన సింగూరు నుంచి తడి వదిలితే ఇక్కడ ఆగుతుంది, కాలువలోకి తిరుగుతుంది, మడిలోకి పోతుంది. పల్లానికి పారడమే, వేరే యంత్రం లేదు.

మోటార్లు విప్పి కట్టే మనిషి ఆ గోడను చూసే తీరు వేరేగా ఉంటుంది. బావ చాలాసేపు కూర్చున్నాడు.

"ఏమాలోచిస్తున్నవ్?"

"మోటర్ లేదు. స్టార్టర్ లేదు. కరెంటు ఎప్పుడొస్తదని రాత్రి లేసేది లేదు," అన్నాడు. "గిట్ల అందరికుంటే మా షాపు బంద్."

నవ్వాను. నవ్వు అయిపోయాక చెప్పేశాను. "నా గాజులు ఇయ్య బావా."

"ఎవలడిగిండ్రు?"

"నోటితోని ఎవ్వలడగలే."

బావ ఒక రాయి తీసి నీళ్లలోకి వేశాడు. ఇంకోటి వేశాడు. "రిగ్గు ఏజెంటుకు రెండు వేలు అడ్వాన్స్ ఇచ్చిన," అన్నాడు.

"ఎప్పుడు?"

"పోయిన సోమారం."

మాది రెండు గదుల ఇల్లు. గోడ అవతల మామ దగ్గినా వినిపిస్తుంది. అక్కడ ఏ మాటైనా సగంలో ఆగుతుంది, మిగతా సగం గుసగుస. పెళ్లయిన ఏడాదిన్నరలో మేమిద్దరం గట్టిగా పోట్లాడుకున్నది లేదంటే కారణం ప్రేమ ఒక్కటే కాదు, గోడ కూడా. ఇక్కడ ఆనకట్ట మీది నుంచి దుమికే నీళ్ల హోరు. నేను గొంతు పెంచినా పది అడుగుల అవతలికి పోదు. పెంచాను. రెండు వేలు అంటే నా జీతంలో ఎన్ని రోజులో చెప్పాను. డబ్బాలో డబ్బులు తీసేటప్పుడు నన్ను అడిగిన తీరు ఎలా ఉండిందో చెప్పాను. అడిగినట్టు లేదు, చెప్పినట్టుండింది. ఆయన కూడా ఊరుకోలేదు. నాన్నకు ఎదురు చెప్పడం నీకు తెలిసినంత సులువు కాదన్నాడు, చెరుకు పెట్టకపోతే అప్పు ఎట్ల తీరుతదన్నాడు, అండమాన్ పోతే తీరుతదా అన్నాడు. ఆ మాట నొప్పించింది. కాసేపు ఇద్దరం చెరో దిక్కు చూస్తూ కూర్చున్నాం. ఒక నీటికాకి రెక్కలు చాపుకుని ఎండలో ఆరబెట్టుకుంటోంది.

చివరికి నేనే అడిగాను, "ఎండకాలంల మీ షాపుకు ఎన్ని మోటర్లొస్తయి?"

"మస్తొస్తయి."

"అండ్ల ఎన్ని నీళ్లు లేక కాలినయి?"

ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు, తనే ఒకసారి చెప్పాడు. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లగా ఉంచేది దాని చుట్టూ ఉండే నీళ్లే. బోరులో నీళ్లు కిందికి జారి మోటారు ఉత్తగా తిరిగితే వేడెక్కుతుంది, వైండింగ్ కాలుతుంది. రైతు దాన్ని బండి మీద వేసుకుని వస్తాడు. కట్టించుకుని పోతాడు. నెలకు మళ్లీ వస్తాడు. ఆ పైసలతోనే మా ఇల్లు గడుస్తుంది, అది కూడా నిజమే.

"సగం కన్నా ఎక్కువ," అన్నాడు చాలాసేపటికి.

"మన చేను నల్లరేగడి. శనగ పెడితే మంచుకే పండుతది. మీ తాత జొన్నలు పండించలేదా?"

"చెరుకంత రాదు గదా."

"చెరుకంత అప్పు గూడ కాదు."

ఆయన ఒప్పుకున్నట్టు తల ఊపలేదు. కాదనలేదు కూడా. లేచి ప్యాంటు దులుపుకుని, "మా నాయినకు చెప్పేటప్పుడు నువ్వు గూడ పక్కకుండాలె," అన్నాడు. "నేనొక్కన్నే చెప్ప."

"ఉంట."

దిగేటప్పుడు జారే చోట చెయ్యి పట్టుకున్నాడు. ఎవరూ లేరని కాదు, అక్కడ ఇద్దరు ముగ్గురు చేపలు పట్టేవాళ్లు ఉన్నారు. మా వీధిలో అయితే పట్టుకోడు.

నాలుగు దాటాక బయల్దేరాం. మెదక్ చర్చి ఇంకో 15, 20 కిలోమీటర్లు. 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ నాటికి పూర్తి చేసిన కట్టడం, కరువు రోజుల్లో పని కల్పించి కట్టించారని పేరు. పొద్దున త్వరగా బయల్దేరితే ఒకే రోజులో రెండూ చూడొచ్చు. మాకు అంత టైం లేదు, నిజం చెప్పాలంటే ఇంకేమీ చూడాలనీ అనిపించలేదు. దారిలో ఒక చిన్న హోటల్‌లో చేపల ఫ్రై తిన్నాం, 200. రవ్వ చేప, కారం ఎక్కువ, పక్కన ఉల్లిగడ్డ, నిమ్మకాయ. రోజంతా పెట్టిన ఖర్చుల్లో పెట్రోలు తర్వాత ఇదే పెద్దది, అస్సలు బాధపడలేదు.

మీరు వెళ్లాలనుకుంటే డిసెంబరు, జనవరి మంచి కాలం. నీళ్లు ఉంటాయి, వరద ఉండదు, బండ కాలదు. శివరాత్రికి మూడు రోజుల జాతర, రెండో రోజు ఎడ్లబండ్లు తిరుగుతాయి, మూడో రోజు రథోత్సవం. లక్షల్లో జనం. అది చూడాలంటే అప్పుడే వెళ్లాలి, ఇద్దరే మాట్లాడుకోవాలంటే మాత్రం అప్పుడు కాదు. గట్టి చెప్పులు, సొంత నీళ్ల బాటిల్, సద్ది తీసుకెళ్లండి. మిగిలిన ప్లాస్టిక్ వెనక్కి తెచ్చుకోండి, బండల సందుల్లో ఇప్పటికే చాలా ఉంది.

పెద్దశంకరంపేటలో చాయ్‌కి ఆగాం. చీకటి పడుతోంది, చలి మళ్లీ మొదలైంది. బావ ఫోన్ మోగింది. స్క్రీన్ మీద రిగ్గు ఏజెంటు పేరు. బావ నా వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు. నాలుగైదు రింగుల తర్వాత ఎత్తాడు.

"ఆ, అన్నా... లేదన్నా. ఇప్పుడు ఎయ్యం... మా నాయినకు నేన్ చెప్త... అన్నా, జర ఆ రెండు వేలు వాపస్..." అవతలి మనిషి చాలాసేపు మాట్లాడాడు. బావ గ్లాసులో చాయ్ చల్లారిపోయింది. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఇయ్యడంట."

"పోనీ," అన్నాను.

చాయ్‌కి 20 ఇచ్చాం. కవర్లో ఇంకా 260 ఉన్నాయి.